తోకకి చేరిన పురుగు

జూన్ 4

ఇందుమూలముగా మా మరదలమ్మగారికి, వారి గాజుతొట్లకి, ఆ తొట్లలో ఈదులాడు సమస్త మీనములకి, ఆ మీనముల ఒంటినంటుకున్న పురుగూ పుట్రకి తెలియపరచడమేమనగా: నా స్నానాల గదిలోని గులాబీరంగు సబ్బు నిన్నటినుంచి కనబడుటలేదు. దాని స్థానమున వేలిగోరంత ముక్క, నురగ రానిది, వెలసియున్నది. నా తువ్వాలు నాకంటే ముందే తడిసినది. నా ఇంటనున్న ఏకైక చేతుల కుర్చీ ఆక్రమణకు గురైనది. ముద్దాయి నీ మొగుడు. వాడు నాకు తమ్ముడు కూడా అవడం కేవలం నా ఖర్మ.

అమ్మాయ్, మొన్న షెడ్డు నుంచి వచ్చేసరికి గుమ్మంలో సంచీతో నిలబడున్నాడు. "ఏంట్రా?" అంటే "ఊరికే" అన్నాడు. ఊరికే వచ్చేవాడు జూన్ నెలలో చలికోటు తెచ్చుకుంటాడా? ఎందుకొచ్చావురా అంటే గోడకేసి చూస్తాడు. గోడ మీద సున్నం తప్ప ఏమీ లేదు. పగలంతా షెడ్డులో రంగుచేపల్ని కవర్లలో పోసి గాలి నింపి మూతి కడతాను. ఊరికే నోరు తెరిచి మూసే ప్రాణుల్ని చూసి చూసి ఇంటికొస్తే ఇక్కడా అదే సంత.

ఫోను చెయ్యకు. నా ఫోను ఎర్రచేపల తొట్టెలో పడి స్వర్గస్థురాలైంది. వాడి ఫోనులో సిమ్ము వాడే పీకి పారేశాడట. ఉత్తరం రాయి, అదీ షెడ్డు అడ్రసుకి. ఇంటికి రాస్తే వాడి చేతిలో పడుతుంది, ఆ తర్వాత వాడి మొహం చూడాల్సింది నేను.

నీ సామాను ఎప్పుడు తీసుకుపోతావో చెప్పు. కుర్చీ అలవాటైతే లేవడు.

ఇట్లు
సబ్బు పోగొట్టుకున్న నీ వదిన


జూన్ 13

వదినకి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి ముందు ఏడ్చాను, తర్వాత సబ్బు దగ్గర నవ్వాను. ఆయన ఎక్కడున్నారో తెలిసింది, అది చాలు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో నాకు నిజంగా తెలీదు వదినా. నేను వంటింట్లో ఫోనులో మా ల్యాబు పెద్దసారుతో రెండో తొట్టె సంగతి మాట్లాడుతున్నాను. ఆయన హాల్లో ఇస్త్రీ చేస్తున్నారు. ఫోను పెట్టి బయటికొచ్చేసరికి ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది, గుమ్మంలో చెప్పులు లేవు. నా చొక్కాలు మాత్రం మడతపెట్టి ఉన్నాయి.

ఆయన పనిచేసే అచ్చు ప్రెస్ మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నారు, నిజమే. వంటా, బట్టలూ, నా క్యారేజీ అన్నీ ఆయనే చూసేవారు. ఈ రెండేళ్ళలో దాని గురించి ఒక్క మాట అనలేదు నేను. లోపల అనుకోలేదు కూడా.

వెంటనే బయల్దేరి వద్దామంటే ఇక్కడ కదల్లేని పరిస్థితి. మీ కొత్త ఇంటికి ఒక్కసారీ రాలేకపోయానని మీరు దెప్పుతూనే ఉంటారు, ఇప్పుడూ దెప్పండి. గప్పీ చేప చర్మం మీద బతికే ఒక పురుగు మీద నా పని. ఆవగింజలో పదోవంతు కూడా ఉండదు. వెనకవైపు కొక్కేలుంటాయి, వాటితో చర్మాన్ని పట్టుకుని అక్కడే తింటుంది, అక్కడే కంటుంది. తల్లి కడుపులో పిల్ల, ఆ పిల్ల కడుపులో అప్పుడే ఇంకో పిల్ల. మేం దాన్ని పరాన్నజీవి అంటాం, చేపని ఆతిథేయి అంటాం. చేప ఒళ్ళు దాన్ని ఎప్పుడు కనిపెడుతుంది, కనిపెట్టాక ఎలా తరుముతుంది, తరిమితే పురుగు ఏం చేస్తుంది, ఇదే నా ప్రశ్న. పురుగు ఇంకో చేప మీదికి దూకకుండా ఒక్కో చేపనీ ఒక్కో సీసాలో పెట్టి, రోజూ మత్తిచ్చి, సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాలి. ఒక్కపూట మానితే మొదటికొస్తుంది.

మీరే అడగండి. తప్పు నాదైతే కాళ్ళు పట్టుకుంటానని చెప్పండి. ఆయన తిరిగి రావాలి వదినా, నాకింకేం వద్దు.

మీ మరదలు


జూన్ 24

చిరంజీవి, పురుగుల పంతులమ్మకి,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ వినిపించేలా చదివాను, మొగుడి ముక్కలు వదిలేసి. పరాన్నజీవి! పరుల అన్నం తినే జీవి! ఎనిమిదో తరగతి తప్పిన నాకే ఇంత తేటగా అర్థమైంది, ఎంత మంచి మాటమ్మా. మా కవర్లు కట్టే పిల్లలు అప్పుడే మా మేనేజరుకి ఆ పేరు పెట్టేశారు. ఆతిథేయి మాత్రం మరీ అన్యాయం. పురుగు కొక్కేలేసి చర్మం కొరుక్కు తింటుంటే దానికి అతిథి మర్యాదలు చేస్తున్నట్టు ఆ పేరేంటి? రండి కూర్చోండి, వీపు తింటారా, పొట్ట తింటారా అని అడుగుతుందా చేప?

మా షెడ్డులో ఇంత రామాయణం లేదు. ఒంటిని రాళ్ళకి రుద్దుకునే చేప కనబడితే ఉప్పునీళ్ళలో ఓ ముంచు ముంచి తీస్తాం. పోయిన నెల నేను మోతాదు చూసుకోకుండా గుప్పిట్లతో పోసి తొట్టె తొట్టే పైలోకానికి పంపేశాను. పురుగులు మాత్రం పూర్తిగా పోయాయి, ఆ పేరు దక్కింది.

ఇక నువ్వడిగిన విషయం. చెప్పాలా వద్దా అని రెండు రాత్రులు కొట్టుకుని, నా నోరు ఊరుకోదు కనక చెబుతున్నా.

మా వెనక వీధిలో ఒక కుట్టుమిషనామె ఉంది. నలభైకి ఇటుగా ఉంటుంది. కొలతల టేపు మెళ్ళో నగలా వేసుకుంటుంది. నీ మొగుడు వచ్చిన వారంలోనే చొక్కా గుండీ ఊడిందని వెళ్ళాడు. వెళ్ళాడు, కుట్టించుకొచ్చాడు, ఎవరికి నొప్పి? మర్నాడు ఇంకో చొక్కా. ఆ చొక్కాకి పొద్దున నేను చూసినప్పుడు అన్ని గుండీలూ ఉన్నాయి. సాయంత్రానికి ఒకటి లేదు. తలుపు సందులోంచి చూద్దును కదా, తనే పళ్ళతో దారం కొరికి గుండీ జేబులో వేసుకుంటున్నాడు!

నేనేమీ అనటం లేదమ్మా. కళ్ళున్నందుకు చూశాను, చేతులున్నందుకు రాశాను.

ఇట్లు
గుండీలు లెక్కపెట్టే వదిన


జూలై 6

వదినా,

ఇది మీ వేళాకోళాల్లో ఒకటని చెప్పేయండి. పెళ్ళికి ముందు మీ తమ్ముడికి ఎడమ కన్ను గాజుదని నా చెవిలో చెప్పారు గుర్తుందా? పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ నేను ఆయన ఎడమకన్నే చూస్తూ ఉంటాను. దానికి ఇప్పటికీ నవ్వుకుంటాం, నవ్వుకునేవాళ్ళం. ఇది అలాంటిదేనా? అయితే తిట్టను. రెండు మెతుకులు తింటాను, నిద్రపోతాను.

కాకపోతే ఒట్టు వేసి రాయండి.

ఆ గుండీ మాట మనసులోంచి పోవటం లేదు. పళ్ళతోనే కొరుకుతారు ఆయన దారం. కత్తెర ఎదురుగా ఉన్నా పళ్ళతోనే. అది మీరెలా కల్పిస్తారు?

ఇక్కడ మొదటి దశ అయింది. పురుగు ఎక్కిన మొదటి రోజుల్లో చేప ఏమీ చెయ్యదు వదినా. మామూలుగానే తింటుంది, ఈదుతుంది. ఒంటి మీద ఒకటి పదవుతుంది, పది వంద అవుతుంది, దానికి తెలీదు. నిన్న లెక్కపెడుతూ ఉంటే ఆ చేప మీద పిచ్చికోపం వచ్చింది. ఎందుకు తెలీలేదే నీకు, ఒళ్ళంతా పాకుతుంటే ఎందుకు తెలీలేదు, అని పైకే అనేశాను. పక్క బల్ల అమ్మాయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆయన్ని నేరుగా అడగండి. నేను కూడా వస్తాను, సారుని ఎలాగో బతిమాలుకుని.

మీ మరదలు


జూలై 15

అమ్మాయ్,

ఒట్టు. నా తల మీద ఒట్టు, నీ తల మీద ఒట్టు, నీ సీసాల్లో ఉన్న ప్రతి చేప తల మీదా ఒట్టు. చాలా, ఇంకెవరి తలైనా కావాలా?

కన్ను సంగతి వేరు. అప్పుడు నాకు నలుగురిలో నవ్వు కావాలి. ఇప్పుడు ఈ గదిలో ఎవరున్నారు నవ్వడానికి?

రావద్దు. నీ మంచికే చెబుతున్నా. వచ్చి ఏం చూస్తావు? ఆమె గుమ్మంలో స్టూలేసుకుని వీడు కూర్చుంటే, ఆమె తల ఎత్తకుండా మిషను తొక్కుతూ ఏదో అంటుంది, వీడు నవ్వుతాడు. వీడికి నవ్వొచ్చని నాకే తెలీదు. నీ దగ్గర నవ్వేవాడా? ఎప్పుడూ? ఏడాదికి రెండుసార్లైనా? నువ్వు సీసాల్లో చేపల్ని పెట్టినట్టు వాణ్ణి ఇంట్లో పెట్టి మూతేశావు తల్లీ. పొద్దున్నే లెక్క చూసుకున్నావు, ఉన్నాడు, సరే. సాయంత్రం చూసుకున్నావు, ఉన్నాడు, సరే. మనిషి బతికున్నాడా లేదా అని చూడ్డం వేరు, మనిషిని చూడ్డం వేరు.

నిజం చెప్పాలంటే వాడివల్ల నాకు ఇబ్బందేం లేదు. కారే పైపు బాగుచేశాడు. కిటికీ రెక్కకి మేకు కొట్టాడు. షెడ్డు నుంచి నేనొచ్చేవేళకి టీ పెట్టి మూత వేసి ఉంచుతాడు. మీ అన్నయ్య పోయాక ఆ గదిలో నా గొంతు నాకే వినబడేది, ఇప్పుడు వాడి గురక వినబడుతోంది. అదీ ఒక తిండే. కుర్చీ కూడా ఇంకోటి కొన్నాను.

కాబట్టి నువ్వు నీ పురుగులు చూసుకో.

వదిన


ఆగస్టు 20

వదినగారికి,

నెల దాటిపోయింది రాసి. క్షమించండి.

ప్రయాణానికి టిక్కెట్టు కొన్నాను, తిరిగిచ్చేశాను. ఆ స్టూలు, ఆ గుమ్మం, ఆ నవ్వు చూడ్డానికి నాకు ధైర్యం లేదు.

మీరన్నది నిజమే కావచ్చు. మీ తమ్ముడు నా దగ్గర నవ్వేవారా అని వెతుక్కున్నాను. నవ్వేవారు. కానీ ఎందుకు నవ్వేవారో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

రెండో దశ ఇదిగో. కొంతకాలానికి చేప ఒళ్ళు కనిపెడుతుంది. చర్మం మీది జిగురు మారిపోతుంది. ఆ జిగురులో ఏదో తయారై పురుగుని చంపడం మొదలుపెడుతుంది. అప్పుడు పురుగులు వీపూ పొట్టా వదిలేసి రెక్కలకి, తోక చివరకి చేరతాయి. అక్కడ చేప తాకిడి తక్కువ. అక్కడ కొక్కేలతో వేలాడుతూ ఇంకో చేప రాసుకుపోతుందేమో అని ఎదురుచూస్తాయి. దొరికితే దూకుతాయి. నేను చూశాను, ఏ బెంగా లేకుండా దూకుతాయి. పాత చేప వాటికి గుర్తుంటుందని నేననుకోను.

నాకూ ఆ జిగురు వచ్చినట్టుంది. తాళం మార్చాను. అతని ప్లేటు, దువ్వెన, ఇస్త్రీపెట్టె అట్టపెట్టెలో పెట్టేశాను.

వకీలు రాసిచ్చిన విడాకుల కాగితాలు దీంతో పంపుతున్నాను. మీరే అతని చేతికివ్వండి. ఒక్క మాట మాత్రం వదినగారూ. కాగితాలు చూసి అతను నోరు తెరిచి "నేనొస్తాను" అన్నా, "ఎందుకు" అన్నా, చివరికి నన్ను తిట్టినా సరే, వాటిని చింపేసి నాకు రాయండి. కుట్టుమిషనామె సంగతి నేను ఒక్కనాడూ ఎత్తను. మీ మీదే వదిలేస్తున్నాను. నాకు అక్కడ మీరు తప్ప కళ్ళు లేవు.

మరదలు


సెప్టెంబరు 9

అమ్మాయ్,

నీ ఉత్తరంలో ఆయన కాస్తా మీ తమ్ముడయ్యాడు, మీ తమ్ముడు కాస్తా అతనయ్యాడు. వచ్చే ఉత్తరానికి వాడు ఏమీ కాకుండా పోతాడు, మంచిదే.

ఇచ్చాను. సాయంత్రం టీ తాగి గ్లాసు కింద పెట్టాక ఇచ్చాను. చదివాడు. కలం అడిగాడు. మా ఇంట్లో కలం రాయదు, గోడ మీద గీకాడు, నోటితో ఊదాడు, చివరికి రాసింది. సంతకాలు పెట్టి, అంచులు సరిచేసి, మళ్ళీ కవర్లో పెట్టి నాకిచ్చాడు. గ్లాసు కడిగి పడుకున్నాడు.

నోరు తెరవలేదు. తెరిస్తే రాయనా?

కాగితాలు ఇందులోనే ఉన్నాయి. నీ జిగురు గట్టిది, సంతోషం. ఇక పెట్టెలో పెట్టిన ఇస్త్రీపెట్టె బయటికి తీసుకో, నీ చొక్కాలు నువ్వే ఇస్త్రీ చేసుకోవాలిగా.

వదిన


ఫిబ్రవరి 2

వదినకి,

మళ్ళీ వదినా అనే పిలుస్తున్నాను. కాగితాలు తెగినా ఈ పిలుపు తెగక్కర్లేదనిపించింది.

కోర్టు పని అయిపోయింది. ఆయన సంతకాలున్న కాగితాలతో వకీళ్ళే నడిపించారు, ఎదురుపడే అవసరం రాలేదు. నా పరిశోధన కూడా అయిపోయింది, మావాళ్ళు మెచ్చుకున్నారు. ఒకసారి పురుగుని వదిలించుకున్న చేప మీద మళ్ళీ పురుగుని పెడితే చాలా రోజులు అది నిలవదు వదినా. మెల్లగా ఆ బలం తగ్గుతుంది, అది వేరే సంగతి. కానీ ఆ కొన్ని వారాలూ చేప ఎంత తేలిగ్గా ఈదుతుందో మీరు చూడాలి.

ఈ ఉత్తరం మీకు కృతజ్ఞతలు చెప్పడానికే. ఆయన ఉద్యోగం లేక వెళ్ళిపోయారనో, నా మీద అలిగారనో చెప్పి మీరు అసలు సంగతి దాచి ఉంటే నేను జన్మంతా గుమ్మం చూస్తూ ఉండిపోయేదాన్ని. పని లేనందుకు మనిషిని వదులుకునేదాన్ని కాదు. అలిగినందుకు అసలే కాదు, మర్నాడే వచ్చి కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇంకో మనిషి ఉందని తెలిసింది కనకనే చెయ్యి వదలగలిగాను. చేదైనా నిజం చెప్పారు. ఇన్నేళ్ళలో మీరు నాతో నిజం మాట్లాడింది అదొక్కసారే కావచ్చు, సరైన సమయానికి మాట్లాడారు.

ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. ఆమెతో బాగుండమని ఆయనకి చెప్పండి. మనసులోంచే అంటున్నాను.

మీ మరదలు


ఫిబ్రవరి 11

అమ్మాయ్,

తిట్లు ఎన్నైనా తింటాను, నాకు అరుగుతాయి. థాంకులు అరగవు. నువ్వు ఈ ఉత్తరం రాయకుండా ఉండాల్సింది. హాయిగా నిద్రపడుతోందట! మనసులోంచే అంటోందట! చదివిన పూట నుంచీ నాకు ఒళ్ళు మండుతోంది. కాబట్టి నీ నిద్ర సంగతి కూడా ఇప్పుడే తేల్చేస్తున్నాను.

వాడు ఇక్కడ లేడు. సంతకాలు పెట్టిన నెలకి వెళ్ళిపోయాడు. ఎక్కడో బ్యానర్లు అచ్చేసే చోట పని దొరికిందట, అడ్రసు ఇవ్వలేదు. చలికోటు పట్టుకుపోయాడు. టీ పెట్టి మూత వేసి వెళ్ళాడు, నేనొచ్చేసరికి చల్లారిపోయింది, తాగాను. రెండు కుర్చీలున్నాయి, పొద్దునొకటి సాయంత్రమొకటి నేనే కూర్చుంటున్నాను.

వాడెందుకొచ్చాడో నాకు మొదటిరోజే చెప్పాడు. అన్నం ముందు కూర్చుని, కలుపుతూ, తినకుండా చెప్పాడు. నువ్వు వంటింట్లో ఫోనులో అన్నావట: "ఆ పరాన్నజీవిని ఈ నెలాఖరులోపు వదిలించుకోవాలి సార్, ఇంక నావల్ల కాదు." వాడికి నీ తొట్ల సంగతి తెలీదా, తెలుసు. కానీ రెండేళ్ళుగా ఆ మాట ఎవరంటారా అని చూస్తున్నవాడికి అది తన గురించే అన్నట్టు వినబడింది. "అక్కా, ఆ మాట నిజమే కదా" అన్నాడు. నీ జూన్ ఉత్తరంలో రెండో తొట్టె అని చదవగానే నాకు మొత్తం తెలిసిపోయింది. వాడితో ఒక్క ముక్క చెబితే ఆ రాత్రి బండికే పరిగెత్తుకొచ్చేవాడు. చెబుదామనే ఇంటికెళ్ళాను. టీ పెట్టి ఉంది.

మొదట రెండు వారాలు నిన్ను ఉడికిద్దామనుకున్నానంతే. గుండీ కథ అల్లినప్పుడు నాకే ముచ్చటేసింది. పళ్ళతో దారం కొరకడం మా ఇంట్లో అందరికీ ఉంది, మా అమ్మ నుంచీ వచ్చింది. నువ్వు అంత తొందరగా నమ్మేస్తావని నేననుకోలేదు. ఒట్టడిగావు, వేశాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం చిన్నపిల్లలకి కూడా వచ్చు.

కాగితాలప్పుడు వాడు నోరు తెరిచాడు. "ఇంకేమైనా రాసిందా అక్కా?" అన్నాడు. లేదన్నాను. నీ ఉత్తరం నా రవికలోనే ఉంది.

ఇది చదివి నువ్వు ఏడుస్తావు, తర్వాత నన్ను చంపాలని బయల్దేరతావు. రా. వస్తే ఈసారైనా ఇల్లు చూస్తావు. జూన్‌లో వచ్చినా, జూలైలో వచ్చినా, గుమ్మంలోంచి ఒక్కసారి వెనక్కి తొంగిచూసినా నీకు తెలిసిపోయేది. టిక్కెట్టు తిరిగిచ్చింది నువ్వు, నేను కాదు.

ఆ కుట్టుమిషనామె లేదు. టేపూ లేదు, స్టూలూ లేదు. అసలు మా ఇంటి వెనక వీధే లేదు. ప్రహరీగోడ ఉంది, దానవతల మురిక్కాలువ.

వదిన